'లిటిల్ మిస్ సన్‌షైన్' సినిమా నాన్నకు చూపించవచ్చా? చూసినవాళ్ళు చెప్పండి

పటమట_పెద్దమ్మాయి:

అందరికీ నమస్తే. సినిమా గురించే అడుగుతున్నాను కానీ ఇంటి సంగతి కొంత చెప్పకపోతే నా ప్రశ్న అర్థం కాదు, పొడుగైతే ఓపిక పట్టండి.

2006లో వచ్చిన లిటిల్ మిస్ సన్‌షైన్ ఈమధ్యే చూశాను. కామెడీ అని పెట్టుకున్నాను, చాలాచోట్ల నవ్వాను కూడా, కానీ సగం సినిమా మా ఇల్లే. చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా: అమెరికాలో ఆల్బకర్కీ అనే ఊళ్ళో ఒక కుటుంబం. తండ్రి రిచర్డ్ తొమ్మిది మెట్లలో విజయం అని ఒక ప్రోగ్రామ్ తయారు చేసుకుని దాన్ని పుస్తకంగా వేయించాలని తిరుగుతుంటాడు. ఆయన లెక్కలో లోకంలో రెండే రకాల మనుషులు, గెలిచేవాళ్ళు, ఓడిపోయేవాళ్ళు. భార్య తమ్ముడు ఫ్రాంక్ ప్రాణం తీసుకోబోయి బతికి, ఆస్పత్రి నుంచి నేరుగా వీళ్ళింటికి వస్తాడు. కొడుకు డ్వేన్ పైలట్ అయ్యేదాకా మాట్లాడనని మౌనవ్రతం పట్టాడు. తాతకి హెరాయిన్ అలవాటు. ఏడేళ్ళ ఆలివ్‌కి కాలిఫోర్నియాలో పిల్లల అందాల పోటీలో పాల్గొనే అవకాశం రావడంతో అందరూ ఒక పాత పసుపు వ్యాన్‌లో దాదాపు 800 మైళ్ళు బయల్దేరతారు.

ఇక మా ఇల్లు. నాన్నకి విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత అనే బట్టల మార్కెట్‌లో చీరల హోల్‌సేల్ షాపు. ఆన్‌లైన్ వచ్చాక బేరాలు తగ్గాయి, పాత పార్టీల దగ్గర బాకీలు నిలిచిపోయాయి, ఆ టైమ్‌లో ఎవరో తెలిసినాయన ఒక ట్రైనింగ్ సంస్థకి తీసుకెళ్ళారు. అక్కడ కట్టిన ఫీజులు తలుచుకుంటే అమ్మకి ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇప్పుడు నాన్నే ట్రైనర్ అవుతానంటున్నారు, రాత్రిపూట కూర్చుని పుస్తకం రాస్తున్నారు. ఇంట్లో గోడల నిండా లక్ష్యాల చార్టులు, తెల్లారి లేవగానే అందరం అద్దం ముందు నిలబడి 'నేను విజేతని' అనాలి. చెల్లి ఎనిమిదో క్లాసు, కూచిపూడి నేర్చుకుంటోంది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పోటీలకి పేరిస్తానంటే "ఫస్ట్ ప్రైజ్ గ్యారంటీ అయితేనే వెళ్ళు, పార్టిసిపేషన్ సర్టిఫికెట్ ఇంటికి తేవద్దు" అన్నారు. అది ఆ రోజు అన్నం తినలేదు.

చిన్న మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, బెంగళూరులో ఉద్యోగం పోయి మనసు బాగోక మా దగ్గరే ఉంటున్నాడు. నాన్న ఆయన్ని తిట్టరు, అంతకంటే కష్టమైన పని చేస్తారు, రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చోబెట్టి మోటివేట్ చేస్తారు.

నాన్న చెడ్డవారు కాదు. మాకోసమే ఇదంతా. నేను నోరు విప్పి చెబితే గొడవవుతుంది, సినిమా అయితే పక్కన కూర్చుని చూడొచ్చు కదా అనిపించింది. కానీ ఇలాంటి తండ్రిని పెట్టి నవ్విస్తున్నారు కాబట్టి, నన్నే వెక్కిరించడానికి పెట్టారు అనుకుంటారేమో అని భయం. మీకేమనిపించింది? ఆ సినిమా ఆయనలాంటివాళ్ళని ఎగతాళి చేస్తుందా? చెల్లిని కూడా కూర్చోబెట్టొచ్చా?

మొగల్రాజపురం_మ్యాట్నీ:

తప్పకుండా చూపించండి. నేను ఈ సినిమా చాలాసార్లు చూశాను, రిచర్డ్‌ని వెక్కిరించారని ఏ ఒక్కసారీ అనిపించలేదు.

మొదట్లో ఆయన క్లాసు చెప్పే సీను గుర్తుందా, స్లైడ్లు వేసి గెలుపు గురించి అంత ఆవేశంగా చెబుతాడు, లైట్లు వేస్తే ఎదురుగా పట్టుమని పది పదిహేను మంది కూడా ఉండరు. నవ్వొస్తుంది నిజమే, కానీ కెమెరా ఆయన ముఖం మీదే ఉంటుంది, రిచర్డ్‌గా చేసిన గ్రెగ్ కిన్నియర్ ఆ ముఖంలో చూపించిన బెరుకు చూస్తే ఈ మనిషి అప్పుల్లో ఉన్నాడని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత దారిలో, పుస్తకం అమ్మిపెట్టాల్సిన ఏజెంట్ ఫోన్‌లో చెబుతాడు, ఎవరూ కొనలేదని. అప్పటిదాకా బూతులు తప్ప ఇంకోటి మాట్లాడని తాత ముందుకి వంగి కొడుకు భుజం మీద చెయ్యేసి, నువ్వు నీ సొంతంగా ఒకటి చేయాలని ప్రయత్నించావు, చాలామంది ఆ పని కూడా చేయరు, నిన్ను చూస్తే గర్వంగా ఉంది అన్న అర్థం వచ్చేట్టు చెబుతాడు. మీ నాన్నగారు చూడాల్సింది ఆ సీను. ఆ రాత్రే రిచర్డ్ ఎవరిదో చిన్న మోపెడ్ అడిగి తీసుకుని, హైవే మీద లారీల పక్కన ఒక్కడే ఆ ఏజెంట్ దగ్గరికి పోతాడు. సమాధానం మారదు. పొద్దున లేచేసరికి తాత ఉండడు. గర్వంగా ఉందన్న మాట తండ్రి నోటి నుంచి విన్నది ఆ ఒక్క పూటే అన్నమాట. ఇలా రాసినవాడికి ఆ పాత్ర మీద ప్రేమ లేదని ఎలా అంటాం?

కథ రాసింది మైకేల్ ఆర్న్ట్. అది ఆయన మొదటి సినిమా. అంతకుముందు హాలీవుడ్‌లో స్క్రిప్టులు చదివిపెట్టే పని, ఒక నటుడి దగ్గర అసిస్టెంట్ పని చేసి, అది మానేసి ఇంట్లో కూర్చుని రాసుకున్నాడు. అంటే గెలుస్తానో లేదో తెలియకుండా రాత్రిళ్ళు రాస్తూ కూర్చోవడం ఏమిటో ఆయనకి సొంతంగా తెలుసు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఒకసారి హైస్కూల్ పిల్లలతో, తనకి ఓడిపోయేవాళ్ళంటే అసహ్యం అన్నట్టు మాట్లాడాడని చదివి, ఆ ఆలోచన మీద కోపంతో మొదలుపెట్టానని ఆర్న్ట్ చెప్పాడు. ఆ కోపం ఆలోచన మీదే ఉంది చూడండి, ఆ ఆలోచనని నమ్మి నలిగిపోతున్న మనిషి మీద లేదు.

డైరెక్టర్లు జొనాథన్ డేటన్, వాలెరీ ఫారిస్, భార్యాభర్తలు, వాళ్ళకీ ఇదే మొదటి ఫీచర్ సినిమా. 80 లక్షల డాలర్ల బడ్జెట్‌తో తీశారు. 2006 సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో చూపిస్తే కోటీ ఐదు లక్షల డాలర్లకి కొనుక్కున్నారు, ఆ తర్వాత ప్రపంచం మొత్తం మీద పది కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది ఆస్కార్‌లో ఆర్న్ట్‌కి ఒరిజినల్ స్క్రీన్‌ప్లే, తాత వేషం వేసిన అలన్ ఆర్కిన్‌కి సహాయ నటుడు అవార్డులు వచ్చాయి. ఈ లెక్కలు ఎందుకు చెప్పానంటే, మీ నాన్నగారితో మాట కలపడానికి ఈ స్క్రిప్టు కథే బాగుంటుంది. నేరుగా మీ ఇంటి ప్రస్తావన తేవద్దు, ఆయనే తెస్తారు.

బ్రాడీపేట_క్లాసులు:

గుంటూరు నుంచి. నేను ఇంజనీరింగ్ కాలేజీల్లో సాఫ్ట్ స్కిల్స్ చెబుతాను, అంటే మీ నాన్నగారు వెళ్ళాలనుకుంటున్న దారిలోనే ఉన్నాను, కాబట్టి ఆ పక్క మాట కూడా వినండి.

పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అంతా మోసం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. శామ్యూల్ స్మైల్స్ అనే ఆయన ఇంగ్లండులో 1859లో ఈ సెల్ఫ్ హెల్ప్ పేరుతోనే పుస్తకం వేశాడు, అది కూడా పనివాళ్ళకి సాయంత్రంపూట చెప్పిన మాటల్లోంచి పుట్టింది. చదువు అందని మనిషికి నువ్వు కూడా నేర్చుకోగలవు అని చెప్పడం దగ్గర మొదలైంది ఇది. ఈరోజుకీ పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రాడు ఇంటర్వ్యూలో నోరు తెరవలేక చెమటలు కక్కుతుంటే, ఊపిరి తీసుకుని నెమ్మదిగా మాట్లాడటం, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం, తెలియనిది తెలియదని మర్యాదగా చెప్పడం, ఇవన్నీ నేర్పితే వస్తాయి. నా కళ్ళతో చూస్తున్నాను. ఆ విషయంలో ఈ సినిమా నాకు కాస్త వెలితిగా అనిపించింది, రిచర్డ్ చెప్పింది విని బాగుపడినవాడు ఒక్కడు కూడా కథలో కనపడడు.

కానీ రిచర్డ్ చేసే తప్పు మాత్రం మా వృత్తిలో రోజూ కనిపించేదే, దాన్ని వాళ్ళు సరిగ్గా పట్టుకున్నారు. హోటల్లో పొద్దున్నే టిఫిన్ దగ్గర ఆలివ్ ఐస్‌క్రీమ్ తెప్పించుకుంటుంది. తండ్రి దాన్ని తిట్టడు, అరవడు. ఐస్‌క్రీమ్‌లో కొవ్వు ఉంటుంది, తింటే అది నీ ఒంట్లో చేరుతుంది, అందాల పోటీల్లో గెలిచేవాళ్ళు ఐస్‌క్రీమ్ తింటారంటావా అని చాలా నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టు చెబుతాడు. పిల్ల ముఖం వాడిపోతుంది, కప్పు ముట్టుకోదు. అప్పుడు తాతా, మావయ్యా, అన్నా ఒక్కొక్కరు చెంచా పెట్టి అబ్బ ఎంత బాగుందో అంటూ తినడం మొదలుపెడితే, నాకు కొంచెం ఉంచండి అని అది కూడా తింటుంది. నేను ట్రైనర్ని కాబట్టి చెబుతున్నాను, క్లాసులో డబ్బు కట్టి కూర్చున్న పెద్దవాళ్ళకి పనికొచ్చే మాట, టిఫిన్ బల్ల దగ్గర ఏడేళ్ళ పిల్లకి చెప్పకూడదు. ఇంట్లో నాన్న కావాలి, ట్రైనర్ అక్కర్లేదు.

మీ మావయ్య విషయం చదివి బాధేసింది. మనసు బాగోని మనిషికి మోటివేషన్ మందు కాదు, పైగా అది రోజూ వినాల్సిరావడం ఇంకా బరువు. మాకు ఎవరూ సర్టిఫికెట్ ఇచ్చి ఈ పనికి పంపించరు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, అందుకే ఎక్కడ ఆపాలో మాకు మేమే తెలుసుకోవాలి. ఈ మాట నేను చెప్పానని నాన్నగారికి చెప్పండి, ఒక ట్రైనర్ చెప్పారంటే వింటారేమో.

సత్యనారాయణపురం_రైల్వేక్వార్టర్స్:

అందరూ తండ్రి గురించే రాస్తున్నారు, నాకు ఆ సినిమాలో గుండె పట్టేసింది డ్వేన్ దగ్గర.

మాది రైల్వే కుటుంబం. మా అన్నయ్య కొడుకు చిన్నప్పటి నుంచి లోకో షెడ్ చుట్టూ తిరిగి పెరిగినవాడు, లోకో పైలట్ తప్ప ఇంకో ఉద్యోగం ఊహించుకోలేదు. అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షలు రాశాడు, ఆప్టిట్యూడ్ టెస్టు కూడా పాసయ్యాడు, వీధంతా స్వీట్లు పంచారు. మెడికల్‌లో పోయింది. ఆ పోస్టుకి ఏ-1 కేటగిరీ కావాలి, కళ్ళద్దాలు లేకుండా చూపు పూర్తిగా ఉండాలి, రంగులు గుర్తుపట్టాలి. ఇషిహారా ప్లేట్లని రంగు చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం చూపిస్తారు, వాడికి కొన్ని పేజీల్లో చుక్కలే కనిపించాయి, అంకె కనపడలేదు. ఎరుపూ ఆకుపచ్చా సిగ్నళ్ళ మీద వందల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి కాబట్టి రూల్ సరైనదే, అందులో ఎవరినీ అనడానికి లేదు. అలాంటి లోపం పుట్టుకతోనే, ఎక్కువగా తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుంది, ఎంత కష్టపడ్డా మారేది కాదు.

సినిమాలో ఆలివ్ ఆస్పత్రి నుంచి తెచ్చిన కంటిపరీక్ష కాగితాలతో వ్యాన్‌లో ఆటగా అన్నకి పరీక్ష పెడుతుంది. రంగు చుక్కల మధ్య ఆకుపచ్చ అక్షరం వాడికి కనపడదు. మావయ్య మెల్లగా చెబుతాడు, రంగులు తెలియకపోతే విమానం నడపనివ్వరు అని. తొమ్మిది నెలలు నోరు తెరవని పిల్లాడు వ్యాన్ ఆపించి, దిగి పరిగెత్తి పొలంలో నిలబడి అరుస్తాడు. మీరందరూ ఓడిపోయినవాళ్ళు, మీరు నాకు ఎవరూ కారు అంటాడు. తల్లి బతిమాలుతుంది, వినడు. తండ్రి దగ్గర తొమ్మిది మెట్లు ఉన్నాయి కదా, ఆ టైమ్‌లో ఒక్క మెట్టూ పనికిరాదు, అది ఆయనకీ తెలుసు కాబట్టే వాటి గురించి నోరు మెదపడు. ఆలివ్ ఆ గట్టు దిగి వెళ్ళి పక్కన కూర్చుని వాడి భుజం మీద చెయ్యేసి తల ఆనిస్తుంది. ఒక్క మాట మాట్లాడదు. కాసేపటికి వాడే లేచి సరే పద అంటాడు, గట్టు ఎక్కలేకపోతుంటే దాన్ని ఎత్తుకుని ఎక్కిస్తాడు.

మావాడు ఆ మెడికల్ తర్వాత చాలా రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఊళ్ళోని చుట్టాలందరూ వచ్చి పట్టుదల ఉంటే సాధించలేనిది లేదని చెప్పి పోయేవారు. పట్టుదలతో రంగులు కనపడతాయా? వాడు కాస్త కుదురుకున్నది మా నాన్నగారి వల్ల, ఆయన రిటైర్డ్ గార్డు, రోజూ సాయంత్రం వాడిని కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళి తిరిగొచ్చేవారు, దాని గురించి ఎత్తేవారు కాదు. తర్వాత వాడు రంగుల చూపు అడగని క్లరికల్ పోస్టుకి రాసి సంపాదించుకున్నాడు.

ఎంసెట్‌కీ (ఇప్పుడు ఈఏపీసెట్) నీట్‌కీ పిల్లల్ని తయారు చేసే ఊరు మనది. హాస్టళ్ళలో గోడల మీద ర్యాంకుల ఫ్లెక్సీలే తప్ప, రాకపోతే ఏం చేయాలో ఎక్కడా రాసి ఉండదు. పెద్దపిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ ఒక్క సీను చూడాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఆటోనగర్_గేర్‌బాక్స్:

నేను ఈ సినిమా మా అబ్బాయి చెబితే చూశాను, వ్యాన్ కోసం. జవహర్ ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ పని మాది. చాలామంది ఆ వ్యాన్‌ని తోసి నడపడం సినిమా కోసం కల్పించారు అనుకుంటారు, కాదమ్మా, పని జరిగేది అలాగే.

అది ఫోక్స్‌వాగన్ మైక్రోబస్, ఇంజన్ వెనక ఉంటుంది, రేడియేటర్ లేదు, గాలితోనే చల్లబడుతుంది. నాలుగు గేర్లు. దారిలో క్లచ్ పోతుంది, ఆ పార్టు తెప్పించాలంటే రోజులు పడుతుందంటాడు అక్కడి మెకానిక్. అప్పుడు చెప్పే ఉపాయం నూటికి నూరుపాళ్ళు కరెక్టు. క్లచ్ ప్రధానంగా కావాల్సింది బండి నిలబడి ఉన్నప్పుడు కదలడానికి, ఫస్టు సెకండు గేర్లకి. బండిని తోసి గంటకి పాతిక ముప్పై కిలోమీటర్ల వేగం అందిస్తే, ఇంజన్ తిరిగే వేగమూ చక్రాల వేగమూ కలిసే చోట థర్డ్ గేరు దానంతట అది జారిపడుతుంది. అక్కడి నుంచి నాలుగో గేరుకి కూడా యాక్సిలరేటర్ చూసుకుని వేసుకోవచ్చు. తేడా వస్తే పళ్ళు గరగరమని అరుస్తాయి, చేతికి తెలుస్తుంది. మా దగ్గర పాత లారీ డ్రైవర్లు క్లచ్ తెగితే ఇలాగే గ్యారేజీ దాకా తెచ్చేవాళ్ళు. ఇబ్బందల్లా ఆపితే మళ్ళీ తోయాలి, అందుకే వాళ్ళు పల్లంలో ఆపుకుంటారు, లేకపోతే అందరూ దిగి తోసి పరిగెత్తుకుంటూ ఎక్కుతారు.

నువ్వు సగం సినిమా మా ఇల్లే అన్నావు కాబట్టి ఒకటి చెబుతాను. మొదటిసారి తోసేటప్పుడు ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఒకచోట పెట్రోలు బంకులో చిన్నపిల్లని మర్చిపోయి వెళ్ళిపోతారు కూడా, బండి ఆపలేక దాన్ని కదిలే వ్యాన్‌లోకే ఎక్కించుకుంటారు. చివరికి వచ్చేసరికి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, దిగుతారు, తోస్తారు, ఎక్కుతారు, వెనకబడినవాడికి లోపలివాడు చెయ్యి అందిస్తాడు. మాట్లాడుకోని మనుషులు పని కలిసి చేస్తే మారతారు, మా గ్యారేజీలో కూడా చూశాను. మీ నాన్నకి షాపులో స్టాకు సర్దే పని ఉంటుందిగా, మావయ్యని తీసుకెళ్ళమను. లెక్చర్ లేకుండా, ఊరికే బేళ్ళు దించడానికి.

అరండల్‌పేట_ఇద్దరుపిల్లలతల్లి:

పటమట_పెద్దమ్మాయి గారూ, నాన్నగారికి చూపించండి, కానీ చెల్లికి మాత్రం ఇప్పుడే వద్దు. ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతున్నాను. అమెరికాలోనే దానికి ఆర్ రేటింగ్, అంటే 17 ఏళ్ళలోపు వాళ్ళు పెద్దవాళ్ళు తోడు లేకుండా థియేటర్‌లోకి వెళ్ళకూడదు. తాత హెరాయిన్ పీల్చడం, ఆయన మాటలు, అవన్నీ ఎనిమిదో క్లాసు పిల్లతో పక్కన కూర్చుని చూడలేం. ఆలివ్‌గా చేసిన అబిగైల్ బ్రెస్లిన్‌కే ఆ బూతుల సీన్లు తీసేటప్పుడు చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి కూర్చోబెట్టారట.

చివరి డాన్స్ గురించి కూడా నాకు ఇబ్బందే. తాత నేర్పించిన స్టెప్పులు ఆ వయసు పిల్ల వేయకూడనివి. అది తప్పని చూపించడానికే పెట్టారని అర్థమైంది, ఎందుకంటే మిగతా పిల్లలందరూ పెద్దాడవాళ్ళలా మేకప్పులు, జుట్లు, స్ప్రేలు వేసుకుని పద్ధతిగా చేసింది కూడా అదేగా, దానికి మాత్రం జడ్జీలు చప్పట్లు కొట్టారు. ఆ పిల్లలు నిజంగానే అలాంటి పోటీల్లో పాల్గొనేవాళ్ళని తెలిసి నాకు ఇంకా కష్టంగా అనిపించింది. మన టీవీ డాన్స్ షోల్లో కూడా ఆరేళ్ళ పిల్లతో హీరోయిన్ పాటకి చేయించి, ఎక్స్‌ప్రెషన్స్ అదిరిపోయాయని జడ్జీలు లేచి నిలబడతారు. మా స్కూలు యానివర్సరీకి అలాంటి పాటే పెడితే నేను వెళ్ళి మార్పించాను, కొందరు తల్లులకి కోపం వచ్చింది, వచ్చినా ఫర్వాలేదు.

పటమట_పెద్దమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు.

అరండల్‌పేట గారూ, మీరు చెప్పింది నిజం, చెల్లిని కూర్చోబెట్టను. కానీ ఆ డాన్స్ ముందు జరిగే మాటలు మాత్రం దానికి చెప్పాలనుంది. తండ్రీ అన్నా ఇద్దరూ వచ్చి దీన్ని స్టేజి ఎక్కనివ్వొద్దు, అందరూ నవ్వుతారు అంటే, తల్లి దానికే వదిలేస్తుంది, చేయాలనుంటే చెయ్, వద్దంటే మానెయ్, ఎలాగైనా మాకు ఇష్టమే అన్నట్టు. తర్వాత నిర్వాహకురాలు పిల్లని దింపెయ్యమని రిచర్డ్‌ని స్టేజి మీదకి పంపితే, ఆయన దింపకుండా తనూ గెంతడం మొదలుపెడతాడు చూడండి, అక్కడ నేను గట్టిగా ఏడ్చాను. మా నాన్న కళాక్షేత్రంలో ముందు వరుసలో కూర్చుంటే చాలు మా చెల్లికి, ప్రైజులెందుకు.

ఆటోనగర్ బాబాయ్ గారూ, మావయ్యని షాపుకి తీసుకెళ్ళమన్న మాట అమ్మకి చెప్పాను, చాలా నచ్చింది ఆమెకి.

ఇంకొక్కటి అడగాలి. మావయ్య కూడా పక్కన కూర్చుంటానంటే? ఫ్రాంక్ పాత్ర చూస్తే ఆయనకి ఇబ్బందవుతుందా? ఆయన అంతదాకా వెళ్ళలేదు కానీ, ఒకసారి నాతో బతకాలని లేదన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను.

సూర్యారావుపేట_నర్స్:

అమ్మా, ముందు ఆ చివరి మాట గురించి. బతకాలని లేదన్న మాటని నీలోనే పెట్టుకోవద్దు, ఈరోజే అమ్మకి చెప్పు. మావయ్యనే నేరుగా అడుగు, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా ఏమీ జరగదు, అడిగితే మనసు తేలికవుతుంది. టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, డబ్బులు అక్కర్లేదు, ఏ టైమ్‌లోనైనా తెలుగులో మాట్లాడతారు. నువ్వు కూడా చేసి ఏం చేయాలో కనుక్కోవచ్చు. సైకియాట్రిస్ట్ దగ్గరికి ఆయన ఒక్కడే వెళ్ళమంటే వెళ్ళడు, ఎవరో ఒకరు తోడు వెళ్ళండి. రేపో ఎల్లుండో అనొద్దు.

సినిమా సంగతి. ఫ్రాంక్‌ని మొదటి సీన్లలోనే చేతులకి కట్లతో చూపిస్తారు, భోజనాల దగ్గర ఆలివ్ ఏమైందని అడిగితే దాచకుండా జరిగింది చెబుతాడు. మావయ్య ప్రస్తుతం ఉన్న స్థితిలో అది తెలియకుండా ఎదురుపడటం మంచిది కాదు, కాబట్టి డాక్టర్‌ని కలిసేదాకా ఆయన్ని ఆ సినిమాకి కూర్చోబెట్టొద్దు. కుదుటపడ్డాక మాత్రం చూడొచ్చు. స్టీవ్ కరెల్ ఆ పాత్రని ఒక్కచోట కూడా నవ్వులపాలు చేయలేదు. చివర్లో సముద్రం దగ్గర మేనల్లుడితో ప్రూస్ట్ అనే ఫ్రెంచి రచయిత గురించి చెబుతాడు కదా, బాధపడ్డ ఏళ్ళే తనని మనిషిని చేశాయని ఆయన అనుకున్నాడని. ఆ మాట ఎవరో మైకు పట్టుకుని చెబితే నేను నమ్మను, అదే కష్టంలో ఉన్న ఇంకో మనిషి చెప్పాడు కాబట్టి ఆ పిల్లాడు విన్నాడు, నేనూ విన్నాను.

బ్రాడీపేట_క్లాసులు:

నర్స్ గారు చెప్పిందే ముందు. సినిమా ఆగుతుంది, అది ఆగకూడదు.

పటమట_పెద్దమ్మాయి:

అమ్మకి చెప్పేశాను. ఏడ్చింది, తర్వాత ఇద్దరం కలిసి మావయ్యతో మాట్లాడాం. అడిగితే కోపం వస్తుందనుకున్నాను, రాలేదు, చాలాసేపు మాట్లాడాడు. 14416కి ఆయన పక్కన కూర్చునే ఫోన్ చేశాం. డాక్టర్ దగ్గరికి అమ్మా నేనూ తోడు వెళ్తున్నాం. ఇప్పుడు ఒంటరిగా ఉంచడం లేదు.

నాన్నకి కూడా చెప్పాం. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత పొద్దున్నే ఆయన్ని కూర్చోబెట్టి చెప్పే క్లాసు మానేస్తానన్నారు. మనిషి బాగా కదిలిపోయారు. సినిమా ఆయనతో నేనొక్కదాన్నే చూస్తాను, షాపు సెలవు రోజు. పూర్తిగా ఇంగ్లీష్ ఫాలో కాలేరు, సబ్‌టైటిల్స్ కూడా వేగంగా చదవలేరు, ఏం చేయాలి?

మొగల్రాజపురం_మ్యాట్నీ:

ల్యాప్‌టాప్‌లో పెట్టి మధ్యమధ్యలో ఆపుతూ చూడండి, మొత్తం గంటా నలభై నిమిషాలే. మొదటి భోజనాల సీను మాత్రం ముందే తెలుగులో చెప్పేయండి, అందరూ ఒకేసారి మాట్లాడతారు, అక్కడే ఎవరు ఎవరో అర్థం కావాలి. వ్యాన్ ఎక్కాక పెద్దగా చెప్పక్కర్లేదు. తాత భుజం మీద చెయ్యేసే సీనులో మీరు మాట్లాడకండి, అది ఆయనకే అర్థమవుతుంది. మావయ్యగారి సంగతి డాక్టర్‌ని కలిశాక వీలుంటే ఇక్కడ రాయండి.